పట్టు తీగ

వీణ మీద నా వేలి కింద పట్టుపోగు బుస్సుమంది. అద్దానికి అవతల రికార్డింగు ఇంజనీరు మొహం చిట్లించి, "అమ్మగారూ, నాలుగో తీగ పాడైనట్టుంది, మార్చుకోండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా ఈ మాటే చిన్నప్పుడు బరంపురంలో విన్నాను.

చిట్టెమ్మత్త మాకు చుట్టమేమీ కాదు. బడా బజార్ వెనక సందులో ఆరుగురు ఆడపిల్లలకు వీణ నేర్పేది. భర్త పోయాక ఆమెకు మిగిలిన లోకమల్లా మేమే. గంజాం అప్పటికింకా మద్రాసు రాజధానిలోదే. మా నాన్న ఛత్రపురం కలెక్టరు కచేరీలో గుమాస్తాలను అదిలించే శిరస్తాదారు, ఇంట్లోనూ శిరస్తాదారే.

అత్త పక్కింట్లో పట్టు నేసే ఒడియా ముసలమ్మ ఉండేది. మేమంతా మౌసి అనేవాళ్ళం. మగ్గం దగ్గర ఎంత బాగా పాడుకునేదో! ఒకరోజు అత్త గోడ మీంచి తొంగి చూసి, తనకొచ్చిన అరకొర ఒడియాలో, "మౌసీ, టికే పాట దియ!" అని అడిగింది. ఒక పాట పాడమని ఆమె ఉద్దేశం. ఒడియాలో పాట అంటే పట్టు! మౌసి గుప్పెడు పట్టుపోగులు చేతిలో పెట్టింది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వాటిని పురిపెట్టి, మైనం రాసి, వీణ మెట్ల మీది నాలుగు తీగలూ విప్పేసి పట్టువి కట్టింది.

"ఇదేటత్తా, దీనికి జలుబు సేసినట్టుంది?" అన్నాను.

"జలుబు సేసినోళ్ళు పాడకూడదేటే? సూడు, లాగితే స్వరం ఎలా సాగుతోందో! ఏ మెట్టు మీదా లేని సోట నిలబడుతోంది."

మొదట్లో నాకు నచ్చలేదు. నెల తిరిగేసరికి ఇంట్లో నా వీణ లోహపు తీగలే చెవిలో గుచ్చుకోసాగాయి.

శ్రీరామనవమి పందిట్లో అత్త వాయించాలి. ఆ ఉదయం నాన్న ఆమె గుమ్మంలోనే నిలబడి, "తీగలు మార్సండి. లేదంటే పిల్లలందర్నీ మాన్పించేస్తాం" అన్నారు.

"మాన్పించండి బాబూ. నా సెవికి ఇనిపించింది ఇనిపించలేదని అనలేను" అంది అత్త.

పందిట్లో వాయిస్తుంటే జనం కిసుక్కున నవ్వారు. "వీణా, దూదేకే విల్లా?" అన్నారెవరో. నేను వెనక తంబూరా పట్టుకుని కూర్చున్నాను. నాన్న లేచి, "ఏటే, లే! ఇంటికెల్దాం పద" అని కేకేశారు. అత్త నావైపు చూడలేదు. జారిన తీగకు బిరడ బిగించి, మళ్ళీ వాయించసాగింది. అది చూశాక నాకు నాన్నంటే భయం పోయింది.

"లెగను నాన్నా" అన్నాను. శ్రుతి ఆపలేదు.

తక్కిన అయిదుగురూ మానేశారు. నాన్న నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. నేను రోజూ వెళ్ళాను.

"ఒక్కదానివే వస్తున్నావు. బెంగగా లేదేటే?" అని అడిగింది అత్త ఒకసారి.

"ఉంది."

"నాకూ ఉంది. కానియ్, శ్రుతి పెట్టు."

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నా వీణకు మూడు తీగలు లోకం కోసం, నాలుగోది ఆమె కోసం. దాన్ని విన్న ప్రతివాడూ మార్చమనేవాడే.

ఇంజనీరు ఇంకా నావైపే చూస్తున్నాడు. "తీగ మారుస్తారా అమ్మగారూ?"

"అది తీగ కాదు బాబూ, పాట" అన్నాను. "మార్సను."