అమ్మ ఫొటోల్లో కళ్లు

అమ్మకు మతిమరుపు జబ్బని తెలిసినప్పటి నుంచి మా ఉప్పల్ ఇంటికి వచ్చే ప్రతి చుట్టమూ ఒక పరీక్షాధికారే. చెప్పులు విడవకముందే "నేనెవలో జెప్పు సిన్నమ్మా" అని మొదలు. అమ్మ కొంగు నలుపుకుంటుంటే వీళ్లకు అదో కాలక్షేపం. నాకు ఒళ్లు మండేది.

అసలు గుబులు వేరే ఉంది. అమ్మకు నేనూ పరాయిదాన్నయ్యాను. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే పెదవులు బిగించి మొహం తిప్పుకునేది. చిక్కి సగమైంది. "మేడిపల్లి దిక్కు ఏదో హోం ఉన్నదట, ఆడ ఉంచుదం. నర్సులన్న తినిపిస్తరు" అన్నాడు అన్న. నాకు ప్రాణం ఒప్పలేదు.

నాచారంలో ఇలాంటివాళ్లను పగటిపూట చూసుకునే చోట ఒకమ్మాయి ఫొటోలతో వైద్యం చేస్తుంది. "పాత ఆల్బం ముందర పెట్టి అడగకున్రి. ఫోన్ అమ్మకే ఇయ్యిన్రి, ఆమెనే తియ్యనియ్యిన్రి. ప్రింట్లు ఏయించి, సూస్కుంట ముచ్చట పెట్టిన్రి" అంది.

అమ్మ ఇంటిల్లిపాదినీ తీసింది. ఒక్క మొహమూ పూర్తిగా పడలేదు. అన్నింట్లోనూ కళ్లే. "ఫోన్ పట్టుడే వస్తలేదు" అని నవ్వాడు అన్న. అమ్మ మాత్రం ప్రింట్లు ఒళ్లో పరుచుకుని మురిసిపోయింది. నా కళ్లున్న దాని మీద వేలు పెట్టి, "ఈ పిల్ల మా ప్యాకింగుల జేస్తది. మస్తు మంచిది" అంది. పక్కనున్న నన్ను చూసి మళ్లీ ముడుచుకుంది.

అప్పుడు తట్టింది నాకు. అమ్మ రిటైరయ్యేదాకా నాచారం మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసింది. తలకు టోపీ, మూతికి మాస్కు. అక్కడి ఆడవాళ్లు కళ్లు చూసే ఒకరినొకరు పలకరించుకునేవారు.

చున్నీ మూతికి కట్టుకుని, అన్నం గిన్నెతో ఎదురుగా కూర్చున్నాను. అమ్మ నా కళ్లలోకి చూసింది. "ఏందే గింత లేటయింది? బస్సు దొర్కలేదా?"

"దొర్కలేదక్కా," అన్నాను. కన్నతల్లిని అక్కా అని పిలిచాను. ముద్ద అందిస్తే తినేసింది. రెండో ముద్దకు చెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు. జల్ది ఇంటికి పోవాలె. నా బిడ్డ ఒక్కతే ఉంటది. నేను పోయేదాక ముద్ద ముట్టది."

నాకు ఏడుపు ఆగలేదు. "ఫికర్ జెయ్యకక్కా," అన్నాను. "నువ్వు తింటేనే తింటనన్నది నీ బిడ్డ."

అమ్మ నోరు తెరిచింది.