అత్త విసరని రాయి

కింబర్లీ ప్రాంతంలో మా ఆదివాసుల నీటిమడుగు దగ్గరికి కొత్తవాళ్లెవరొచ్చినా, ముందు నోరీన్ అత్త ఒక రాయి తీసి, వాళ్ల చంకలో రుద్ది, ఆ చెమట వాసనతో నీళ్లలోకి విసిరేది. వాళ్ల పేరూ, వచ్చిన పనీ మడుగుని కాచే పాముకి మా భాషలో చెప్పేది. చెప్పకుండా దిగితే అది ఊరుకోదు. అత్త బతుకంతా ఆ భయమే. మాకూ అదే అంటించింది.

నీటి పంపకాల కమిటీలో చేరమని ప్రభుత్వం వాళ్లు అడిగితే, మన మాట కూడా వింటారు కదా అని ఒప్పుకుంది. మొదటి సమావేశం మడుగు దగ్గరే పెట్టించింది. ఆ రోజు లయల్ అనే ఆఫీసరు జీపు దిగుతూనే కొలకర్ర పట్టుకుని నేరుగా నీళ్లలోకి నడిచాడు.

"ఒరేయ్, బయటికి రారా! చస్తావ్!"

అత్త కేకేసింది. ఆమె అతని చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగి, చంకలో రాయి రుద్దింది.

"చక్కిలిగిలి పెట్టకండమ్మా," అని నవ్వాడు లయల్.

"నవ్వింది చాలు. ఏం పని మీద వచ్చావో చెప్పు. అబద్ధం చెప్పావో, దానికి తెలిసిపోతుంది."

"పత్తి చేలకి ఇక్కణ్ణుంచి ఎంత నీరు తోడొచ్చో చూద్దామని."

రాయి విసరబోయి అత్త ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. గాలి లేదు. అయినా అంచున నీళ్లు కదిలాయి.

"విసురత్తా," అన్నాను.

"ఇన్నాళ్లూ కొత్తవాళ్లని అది గుర్తుపట్టదేమోనని భయపడ్డానే," అంది అత్త, రాయి వదలకుండా. "ఇవాళ వీళ్లని తెచ్చింది నేనేనని గుర్తుపడుతుంది."