ముందు వరుస మీద దీపాలు

టార్చి అక్కకు కోపం ఎక్కువని ఆ నాటకశాలలో అందరూ అంటారు. ఎందుకు ఎక్కువో ఒక్కరూ అడగరు. చీకట్లో జనానికి కుర్చీలు చూపించడం ఆమె పని. మూడో గంట కొట్టగానే తలుపులు మూసి, నాటకం అయ్యేదాకా గోడకు ఆనుకుని నిలబడాలి. పెళ్ళయిన కొత్తలో ఆ పనిలో చేరింది, ఇప్పుడు కూతురికి పెళ్ళీడు వచ్చింది.

ఆమెకు ఒళ్ళు మండేది ముందు వరుసను చూసినప్పుడే. ఆ వరుసంతా పెద్ద పెద్ద కంపెనీలు కొని, కావలసినవాళ్ళకు పంచిపెడతాయి. ఊరికే వచ్చిన టికెట్టుకు విలువేముంది? సొరుగులో పడేసి మరిచిపోతారు. రాలేమని ఒక్క ఫోను కొడితే కౌంటరులో ఇంకొకరికి ఇచ్చుకుంటారు కదా, అదీ చెయ్యరు. గడ్డివాము దగ్గర కుక్క సామెతే, తాను తినదు, ఆవును తిననివ్వదు. బయట మెట్ల మీద టికెట్టు దొరకనివాళ్ళు మొహాలు వేలాడేసుకుని నిలబడి ఉంటారు. ఖాళీ కుర్చీలు కంటబడితే నటుల మనసు చివుక్కుమంటుందని మేనేజరు ఆ వరుస మీద దీపాలు మాత్రం ఆర్పించేస్తాడు. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

ఆ రోజు మెట్ల మీద నిలబడ్డవాళ్ళలో ఆమె వదిన కూడా ఉంది. టార్చి అక్క అన్నయ్య ఆ నాటకంలో ముసలి తండ్రి వేషం కడుతున్నాడు. గొంతు పాడైపోయిందని, ఇక నాటకాలు వద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అదే ఆఖరి ఆట. వదినది ఆసుపత్రి వంటగదిలో సాయంత్రం డ్యూటీ. వచ్చే నాటకం చూద్దాంలే అనుకుంటూనే ఆయన్ని వేదిక మీద ఎన్నడూ చూడలేదు. ఈసారి సెలవు దొరికింది, టికెట్టు దొరకలేదు. ముందు వరుసవాళ్ళు రాకపోతే ఒక్క కుర్చీ ఇప్పించమని టార్చి అక్క పొద్దున్నించి మేనేజరును బతిమాలింది. అమ్ముడైన కుర్చీ అమ్ముడైనట్టేనని, రావడం మానడం కొన్నవాళ్ళ ఇష్టమని ఆయన తేల్చేశాడు.

మూడో గంట కొట్టారు. ముందు వరుసలో నరమానవుడు లేడు. టార్చి అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు మూసేముందు వదిన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఆ చీకటి వరుస మధ్యలో కూర్చోబెట్టింది.

అన్నయ్య వేదిక మీదికి వచ్చీరాగానే మేనేజరు వంగి వంగి నడుచుకుంటూ వచ్చాడు.

"ఆవిణ్ణి లేపు," అన్నాడు గొంతు తగ్గించి.

"లేపను సార్. కావాలంటే రేపట్నుంచి నన్ను రావద్దనండి. మా అన్నయ్య మాట వినబడేది ఈ ఒక్క రోజే."

అని, పక్క కుర్చీలో తనూ కూర్చుంది. వదిన లేవబోతే మోకాలి మీద చెయ్యి వేసి నొక్కిపట్టింది. మేనేజరు నిటారుగా నిలబడి ఏదో అనబోయాడు. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన, "కూర్చోవయ్యా, కనబడటం లేదు," అని కసిరాడు. ఇంకో ఇద్దరు ఆయనకు వంతపాడారు. మేనేజరు అటూ ఇటూ చూసి, గత్యంతరం లేక వాళ్ళ పక్కనే కూలబడ్డాడు.

అన్నయ్య గొంతు జీరబోయి ఉంది, అయినా ఒక్క మాట తడబడలేదు. ఇంట్లో మంచినీళ్ళు అడిగే మనిషేనా ఈయన అని వదిన ఆమె చెవిలో అడిగింది. టార్చి అక్కకు ఏడుపు వస్తోంది, ఏడుపు వెనకే కోపమూ వస్తోంది. ఆ వరుసలో మిగతా కుర్చీలు నాటకం అయ్యేదాకా ఖాళీగానే ఉన్నాయి. మెట్ల మీద నిలబడ్డ జనం అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు.