వేషాల నగల నారాయణమ్మ

2014 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, వినోద్ అనే హైదరాబాదు మనిషి ఇల్లిల్లూ అడుగుతూ వచ్చి గజపతినగరంలో నారాయణమ్మ గుమ్మం ముందు ఆగాడు. పాత నాటకాల వాళ్లు వేసుకున్న నగలు కొని దాచుకోవడం ఆయనకు పిచ్చి. నారాయణమ్మ అరుగు మీద కూర్చుని ఒక రైతు భార్య తెచ్చిన వెండి కడియానికి సొట్ట తీస్తోంది. ఆయన చెప్పులు విడిచి, చాలా మర్యాదగా అడిగాడు.

“ఇది స్వర్గీయ నారాయణమ్మ గారి ఇల్లేనా అండీ? మీరు ఆవిడకి ఏమవుతారు?”

ఆమె సుత్తి పక్కన పెట్టింది. ఆ వీధిలో అదే పేరుతో ఇంకెవరైనా పోయారేమోనని కాసేపు నిజంగానే ఆలోచించింది.

“నారాయణమ్మంటే నానే బాబూ. ఏటి కావాల?”

పేరు కలిసిందనుకుని ఆయన నవ్వాడు. సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీశాడు. తన దగ్గరున్న నగల బొమ్మలతో తానే అచ్చు వేయించుకున్నదట. నాలుగు పేజీల నిండా నారాయణమ్మ చేతిపనే. బొమ్మల కింది అక్షరాలను ఆమె కూడబలుక్కుని చదివింది. తయారుచేసినవారు గజపతినగరం నారాయణమ్మ, 2009లో మరణించారు, ఆమెతోనే ఈ పని ఆగిపోయింది అని ఉంది.

“ఏ జబ్బుతో పోనాదన్నారు?” అని అడిగింది.

గుండెపోటన్నాడు ఆయన. నగలు అమ్మిన పద్మకుమారి గారే చెప్పారట. ఆఖరి వారమంతా ఆవిడే పక్కన కూర్చుని చూసుకున్నారట, ఆ మాట చెబుతూ ఏడ్చారు కూడానట. చనిపోయినామె పనిముట్లు ఇంట్లో ఏవైనా మిగిలుంటే కొందామని ఆయన వచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో అర్థమయ్యేసరికి ఆయన ముఖం పాలిపోయింది. నారాయణమ్మే లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

నారాయణమ్మ తండ్రి జోగయ్య వెండిపనివాడు. చుట్టుపక్కల రైతుల ఇళ్లకు మట్టెలు, కడియాలు, మొలతాళ్లు చేసేవాడు. మగపిల్లలు లేరు. ఊదుగొట్టం పట్టడానికి మనిషి కావాలని కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పదిహేనేళ్లకల్లా ఆమె చేతిలో రేకు తండ్రి చేతిలో కంటే సన్నగా సాగేది. పెళ్లయ్యాక భర్త జూట్ మిల్లు పనికి వెళ్లేవాడు, ఆమె పుట్టింటి అరుగు మీదే పని సాగించింది. ఆడమనిషి సుత్తి పట్టడమేమిటని గొణిగినవాళ్లే తర్వాత పిల్లల మొలతాళ్ల కోసం ఆ అరుగు ఎక్కారు.

పద్మకుమారి ఆమె దగ్గరికి 1988లో వచ్చింది. అప్పటికి పంతొమ్మిదేళ్ల పిల్ల, పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు కట్టేది. చేతిలో అద్దెకు తెచ్చుకున్న ఇత్తడి వడ్డాణం ఉంది. పద్యం ఎత్తుకుని రాగం తీసినప్పుడల్లా అది నడుములోకి దిగి కోసేస్తోందని చెప్పింది. నారాయణమ్మ ఆమెను అరుగు మీద నిలబెట్టి పద్యం పాడమంది. పాడుతున్నంతసేపూ నడుముకు దారం చుట్టి, ఊపిరికి ఎంత పొంగుతోందో, ఎంత తగ్గుతోందో కొలుచుకుంది. పలచటి రాగిరేకుకు వెండి పూత పూసి, పదకొండు బిళ్లలు చేసి, వాటి మధ్య తీగచుట్టలు పెట్టి, ఊపిరితో పాటు సాగే వడ్డాణం తయారుచేసింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు పద్మకుమారి ఒంటి మీద నారాయణమ్మ చెయ్యని నగ లేదు. నడిచేటప్పుడు గలగలమంటే పద్యం వినిపించదని భుజకీర్తుల లోపల లక్క నింపేది. ఆఖరి వరసలో కూర్చున్నవాడి కంటికి కూడా మెరుపు అందాలని రాళ్లను కొంచెం వంచి పొదిగేది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి నాటక సమాజాల వాళ్లు పద్మకుమారి నగలు చూసి వెతుక్కుంటూ వచ్చేవారు. ఒక ఏడు పెద్ద నాటక పోటీ వచ్చింది. పాపిట పక్కన పెట్టుకునే సూర్యచంద్రులు అచ్చంగా వెండివే కావాలని పద్మకుమారి ఆశపడింది. చేతిలో వెండి లేదు. నారాయణమ్మ తన పెళ్లినాటి పట్టీలు కరిగించింది. కుడుము తిన్నంత తేలిగ్గా ఆ పని చేసేసి, భర్తకు మాత్రం నెల తర్వాత చెప్పింది. పద్మకుమారి ఆమెను సొంత అక్కను పిలిచినట్టు అప్పా అని పిలిచేది. 2009లో టైఫాయిడ్ వచ్చి పద్మకుమారి మంచం పడితే, నారాయణమ్మ పని కట్టిపెట్టి విజయనగరం వెళ్లి పదకొండు రోజులు ఆమె పక్కనే ఉంది.

వినోద్ తెచ్చిన పుస్తకంలో మూడో పేజీలో ఆ సూర్యచంద్రులు కూడా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న బస్సుకే నారాయణమ్మ విజయనగరం వెళ్లింది. పద్మకుమారి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆమెను చూడగానే చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

“నాను సచ్చిపోనానని సెప్పినావంట.”

పద్మకుమారి బొంకలేదు. చీర తీగ మీద వేసి జరిగింది చెప్పింది. వినోద్ రెండుసార్లు వచ్చి నగలు చూసి, కొనకుండా వెళ్లిపోయాడట. మూడోసారి, ఇవి చేసినామె ఉందా అని అడిగాడట.

“ఉన్నాదంటే మళ్లీ సేయించుకోవచ్చు గదప్పా, మరి ఈ పాతయి ఎవులకి కావాల? నోట్లోంచి వచ్చీసినాది.”

“వచ్చీసినాది, సరే. ఆఖరి రోజుల్లో పక్కన కూకున్నానని కూడా సెప్పినావు. జొరమొచ్చి తొంగున్నది నువ్వు. పక్కన కూకున్నది నాను.”

పద్మకుమారి ఏడ్చింది. ఆ ఏడుపును నారాయణమ్మ ఇరవై ఏళ్లు రంగస్థలం పక్కన నిలబడి చూసింది. కన్నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, గొంతు ఎప్పుడు వణుకుతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది నిజమో వేషమో మాత్రం తేల్చుకోలేకపోయింది. చచ్చిపోయిందన్న మాట కంటే అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. పట్టీల సంగతి అడుగుదామని వచ్చి, అడగకుండానే బస్సెక్కేసింది.

వచ్చిన రోజే వినోద్ పుస్తకం దిద్దుతానని, కెమెరా పట్టుకుని మళ్లీ వస్తానని మాటిచ్చి వెళ్లాడు. నెల తర్వాత ఒకసారి ఫోన్ చేశాడు. కొన్ని నగలు అప్పటికే ఆ పుస్తకంతో పాటు వేరేవాళ్ల చేతికి వెళ్లాయని, ఇప్పుడు మార్చడం కష్టమని నసిగాడు. ఆ పైన ఫోన్ లేదు. బతికున్న నారాయణమ్మతో ఆయనకు కూడా అవసరం లేకపోయింది. రెండు నెలలు ఆమె వేషాల నగ ముట్టుకోలేదు, మట్టెలు, కడియాలతోనే కాలం గడిపింది.

2016 శివరాత్రికి రామతీర్థం జాతరలో పద్మకుమారికి సన్మానం పెట్టారు. నాటక సమాజం నడిపే కూర్మయ్య వచ్చి నారాయణమ్మను రమ్మన్నాడు. నీ పేరు మైకులో అందరి ముందూ చెబుతానని, చేసిన తప్పు ఒప్పుకుంటానని పద్మకుమారి కబురు పెట్టిందట. నారాయణమ్మ రెండు రోజులు ఆలోచించింది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని వెళ్లి, ఆడవాళ్ల మధ్య ముందు వరసలో కూర్చుంది.

పద్మకుమారి శాలువా కప్పించుకుని మైకు అందుకుంది. పద్యం నేర్పిన గురువును తలచుకుంది. హార్మోనిస్టుకు దండం పెట్టింది. కమిటీ పెద్దల పేర్లు ఒక్కటీ వదల్లేదు. మధ్యలో ఒకసారి ఆమె చూపు ముందు వరసకు వచ్చి, నారాయణమ్మ మీద ఆగి, పక్కకు తప్పుకుంది. అందరికీ నమస్కారం పెట్టి కూర్చుంది. నారాయణమ్మ ఇంకొంచెంసేపు, ఏదైనా మరిచిపోయి మళ్లీ లేస్తుందేమోనని చూసింది. తర్వాత చీర కొంగు దులుపుకుని లేచి బస్సు వైపు నడిచింది.

ఆ వారమే కూర్మయ్య సమాజంలో కొత్తగా చేరిన తులసి అనే అమ్మాయికి కిరీటం, భుజకీర్తులు చెయ్యడానికి ఒప్పుకుంది. పని ఆమెను వదల్లేదు, ఆమె కూడా దాన్ని వదల్లేదు. పద్మకుమారి ఆ తర్వాత రెండుసార్లు గజపతినగరం వచ్చింది. అప్పా అని పిలిస్తే నారాయణమ్మ పలికింది. మంచినీళ్లు ఇచ్చింది, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగింది. కానీ రెండుసార్లూ పద్మకుమారి మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే, ముందున్న పళ్లెం మీద, అందులో సగం పొదిగిన రాళ్ల మీద, తువ్వాలు లాగి కప్పింది.