మా ఫ్రిజ్‌లో పెద్దబాపు సూదిమందు

మా పక్కింటి పెద్దబాపు పోయిన మంగళవారం కన్నుమూశాడు. పొద్దున్నే ఆయన భార్య, మా పెద్దమ్మ, గోడ మీది నుంచి నన్ను పిలిచిన తీరుకే సంగతి అర్థమైంది. చుట్టరికం ఏమీ లేదు గానీ, వరంగల్‌లో మా వాడకట్టు మొత్తానికీ ఆయన పెద్దబాపే. జంపఖానాలు నేసేవాడు. ఎవరో ఒకరిని ఆటపట్టించనిదే ఆయనకు పూట గడిచేది కాదు.

షుగర్ ముదిరి ఇన్సులిన్ దాకా వచ్చింది గానీ వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. సూదిమందు మా ఫ్రిజ్‌లో దాచుకుని, రెండు పూటలా తినేముందు వచ్చేవాడు.

"ఈ అర నేను కిరాయికి తీసుకున్న బిడ్డా, ఖాళీ చెయ్యమనకు" అనేవాడు.

కాలి పుండు మానక మగ్గం గుంతలో కూర్చోలేకపోయాక మనిషే మారిపోయాడు. నవ్వు లేదు, పలకరింపు లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. సూదిమందుకు రావడమూ మానేశాడు. అడిగితే "డాక్టరే బంద్ చెయ్యమన్నడు" అన్నాడు. పచ్చి అబద్ధం! నాకు ఒళ్లు మండి, వెళ్లి మంచం పక్కనే కూర్చున్నాను.

"నిజం చెప్పు పెద్దబాపూ. చెప్పేదాంక లేవను."

"నా మందులకే ఇల్లంత ఊడ్సుకపోతాంది బిడ్డా. మీ పెద్దమ్మ నూలు కండెలు చుట్టి తెచ్చే పైసలు గూడ నాకే. నేను లేకుంటే ఆమెన్న కడుపునిండ తింటది."

గడపలో నిలబడి విన్న పెద్దమ్మ భోరున ఏడ్చింది. "నువ్వు లేకుంటే నాకు ముద్ద దిగుతదా?"

మర్నాడు ఇద్దరినీ సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. ఇన్సులిన్ అక్కడ ఊరికే ఇచ్చారు. డాక్టరమ్మ నిద్ర గురించి, దిగులు గురించి కూడా అడిగింది. షుగర్ ఉన్నవాళ్లకు మనసు కుంగడం మామూలేనని, దానికీ మందుందని చెప్పింది. "నాకేం పిచ్చి లేస్తలేదు" అని పెద్దబాపు బిగుసుకున్నాడు. "కాలు చూపిచ్చినవు, మనసు చూపిస్తే ఏం పోతది?" అని పెద్దమ్మ కసిరి, ఆ మాత్రలూ రాయించుకుంది.

వెంటనే ఏమీ మారలేదు. సూదిమందు నేనే పట్టుకెళ్లేదాన్ని. బతిమాలితే వేసుకునేవాడు, రెండు ముద్దలు తిని పళ్లెం తోసేసేవాడు. నాకు భయంగానే ఉండేది.

కొన్ని వారాల తర్వాత ఒక పొద్దున మా తలుపు దబదబా మోగింది. తీస్తే పెద్దబాపు! కుంటుకుంటూ తానే వచ్చాడు. చేతిలో పళ్లెం, పళ్లెంలో పొగలు కక్కే జొన్నరొట్టె. వెనకాలే పెద్దమ్మ, తన రొట్టె తాను పట్టుకుని.

ఆ తర్వాత ఆయన బతికిన ఏళ్లన్నీ నాకు ఆ పొద్దులోనే కనిపిస్తాయి. గడపలో నిలబడి, వాడకట్టంతా వినేలా అరిచాడు.

"జల్ది సూదిమందియ్యి బిడ్డా, ఆకలైతాంది!"