మా అన్నయ్య తొమ్మిదిసార్లు చూసిన సినిమా

మొన్న ఆదివారం మా కోడలు నన్ను చోడవరంలో కొత్తగా బాగుచేయించిన హాలుకి మ్యాట్నీకి తీసుకెళ్లింది. మెత్తటి కుర్చీలు, చలి పుట్టించే ఏసీ, చెవులు చిల్లులుపడే శబ్దం, వీటన్నిటి మధ్య తెరమీద నడిచిన కథ మాత్రం మన రోజుల్లోదే. మొదటి పావుగంటలో తండ్రిని చంపేస్తారు, విశ్రాంతి వేళకి కొడుకు కత్తి పడతాడు, ఆ తర్వాత విలన్లని ఒక్కొక్కరినీ ఏరుకుంటూ పోతాడు. ఇప్పుడు వీడిని చంపుతాడు, ఇప్పుడు చెల్లెల్ని ఎత్తుకుపోతారు అని నేను ముందే చెప్పేస్తుంటే, ముందు వరసలో కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూశారు, మా కోడలు నా చెయ్యి గిల్లింది. ఇంటికొచ్చాక, అన్నీ ముందే తెలిసిపోయే సినిమా ఏం సినిమా అత్తయ్యా అని విసుక్కుంది. ముందే తెలియడం వల్ల ఒకసారి మా ఇంట్లో ఒక ప్రాణం నిలిచిందని ఆవిడకి తెలియదు. నేనూ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది చోడవరం నుంచి బుచ్చయ్యపేట వెళ్లే దారిలో ఒక పల్లె. మా నాన్నకీ, ఆయన పినతండ్రి కొడుకైన మా చిన్నాన్నకీ చెరకు చేలు పక్కపక్కనే. గట్టు జరిగిందని ఒకనాడు మొదలైన మాట పెరిగి పెద్దదై, చిన్నాన్న గునపం తిరగేసి మా నాన్న కుడిచేతి మీద కొట్టాడు. మోచేతి దగ్గర రెండు ముక్కలైన ఎముక ఎలాగో అతికింది గాని, ఆ చేయి మళ్లీ చెంబెత్తడానికి కూడా పనికిరాలేదు. స్టేషనుకి వెళ్లకుండా ఊరి పెద్దమనుషులే రాజీ కుదిర్చారు. గట్టు ఎక్కడిదక్కడే ఉంటుందనీ, రెండు ఇళ్లవాళ్లూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కకూడదనీ, గానుగ వంతులు మాత్రం మారకూడదనీ తీర్పు చెప్పి, కాఫీలు తాగి వెళ్లిపోయారు. మీకు అన్యాయం జరిగింది అని ఆ పూట ఒక్కరంటే ఒక్కరు మా నాన్నతో అనలేదు. అరుగు మీద కూర్చున్న మా అన్నయ్య మొహం నాకింకా కళ్లకి కట్టినట్టే ఉంది. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు, నాకు పదహారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చోడవరంలో ఆ సినిమా ఆడింది. లారీ డ్రైవరైన హీరో తండ్రిని నలుగురు కలిసి చంపుతారు. హీరో ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుంటాడు. బయలుదేరేముందు ప్రతిసారీ మాటా పలుకూ లేకుండా తల్లి కాళ్లకి దణ్ణం పెట్టి వెళతాడు, ఆ పిచ్చితల్లి ఎందుకని అడగదు. ఆఖరి వాడిని సబ్బుల ఫ్యాక్టరీలో సలసల కాగుతున్న గాబులోకి తోసేస్తాడు. కథ అంతే. హీరోయిన్ ఎందుకుందో ఆవిడకే తెలియదు, కామెడీ పాత్రలు వచ్చిన ప్రతిసారీ జనం సోడాల కోసం లేచిపోయేవారు. కానీ హీరో మొదటి దెబ్బ కొట్టగానే బెంచీ క్లాసులో లేచిన ఈలలు నేను మరిచిపోలేను. లోకంలో ఎవరూ పట్టించుకోని మనిషికి, నీకు జరిగింది తప్పే, నీకు కోపం రావడం న్యాయమే అని ఆ సినిమా చెప్పింది. మా పెద్దమనుషుల నోట రాని మాట అది. అందుకే మా అన్నయ్య దాన్ని తొమ్మిదిసార్లు చూశాడు. రెండుసార్లు నన్నూ సైకిలు మీద తీసుకెళ్లాడు. మిగతా అందరూ ఈలలేసే గాబు సీనులో వాడు మాత్రం గుడ్లప్పగించి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. నాకది అప్పుడే నచ్చలేదు.

మాఘమాసంలో గానుగ మొదలైంది. బెల్లం వండటం ఒక ఇంటితో అయ్యే పని కాదని మీకు తెలియనిదేముంది. ఎద్దుల గానుగ ఒకటే, పెనం ఒకటే, నాలుగైదు ఇళ్లవాళ్లం వంతులు వేసుకుని వాడేవాళ్లం. పొయ్యి ఆరిపోతే మళ్లీ కాక ఎక్కడానికి పూటంతా పడుతుంది కనుక, ఒకరి వంతు నడుస్తుంటే తర్వాతి వంతువాళ్లు వచ్చి చెరకు పిప్పి ఎగదోసి మంట చూసుకోవాలన్నది మా దగ్గర ఆనవాయితీ. ఆ ఏడు చిన్నాన్న తర్వాత వంతు మాది. పెద్దమనుషులు పెద్ద తెలివి చూపించి, గానుగ వంతులు మార్చొద్దన్నారు కదా. అంటే చిన్నాన్న పెనం దగ్గర నిలబడి రసం కలియబెడుతుంటే, మంట ఎగదోయవలసింది మా అన్నయ్య.

ఆ రోజు పొద్దున్న అన్నయ్య తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పొయ్యి దగ్గరికి పోయేవాడు ఉతికిన చొక్కా ఎందుకు వేసుకుంటాడు? తర్వాత వంటింట్లోకి వచ్చి, చారు కాస్తున్న అమ్మ కాళ్లకి వంగి దణ్ణం పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. పండగపూట కూడా పెట్టని కొడుకు పెట్టేసరికి మా అమ్మ మురిసిపోయి, పక్కింటావిడకి చెప్పుకోవడానికి వెళ్లింది. నేను చేతిలో పని వదిలేసి లేచాను. ఎందుకంటే నాకు తర్వాత సీను తెలుసు.

గానుగ దగ్గరికి పరుగెత్తుదామా అనుకున్నాను గాని, నేను వెళితే వాడు వింటాడా? నన్ను రెక్క పట్టుకుని ఇంటికి పంపేస్తాడు. నాన్న ఎక్కడో చేను అవతల గడ్డి చూసుకుంటున్నాడు. గట్లమీద పడుతూ లేస్తూ అటు పరుగెత్తాను. సినిమా అంటే గిట్టని మనిషికి, ఆయాసంతో రొప్పుతూ, ఆ సినిమా కథంతా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. లారీ డ్రైవరని, నలుగురని, తల్లి కాళ్లని ఏదేదో చెబుతుంటే ఆయనకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

“అమ్మ కాళ్లకి దణ్ణం పెడితే ఏటయ్యిందే? మంచిదే కదా” అన్నాడు.

“ఆఖర్న ఆడిని కాగే గాబులోకి తోసేస్తాడు నాన్నా” అన్నాను.

ఆ ఒక్క మాటతో ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ గాబు ఏ పెనమో, ఆ ‘ఆడు’ ఎవరో నేను విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. పని చేసే ఎడమచేత్తో పంచె ఎగగట్టి, ఏడాదిగా అడుగుపెట్టని ఆ గానుగ వైపు నాకంటే ముందు నడిచాడు. దారంతా చెవులు అటే పెట్టి నడిచాను. కేక వినబడుతుందేమోనని భయం, వినబడకపోతే అంతకన్నా భయం.

మేం వెళ్లేసరికి ఎద్దుల్ని విప్పి నీళ్లకి తోలుకెళ్లారు, పాలేరు చద్దన్నానికి పోయాడు. పాకలో ఇద్దరే ఉన్నారు. చిన్నాన్న పెనం మీదికి వంగి తెడ్డు తిప్పుతున్నాడు. పెనంలో పాకం ఎర్రగా, దళసరిగా ఉడుకుతోంది. మా అన్నయ్య పిప్పి ఎగదోయడం మానేసి ఆయన వెనక, మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వాడి కళ్లు సినిమాహాల్లో చూసినట్టే ఉన్నాయి. పక్కన నేనొచ్చి నిలబడ్డానని కూడా వాడికి తెలియలేదు.

నాన్న కేకలెయ్యలేదు, కొడుకు చెయ్యి పట్టి లాగలేదు. తిన్నగా వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ఊళ్లో పాకం చూడటంలో ఆయన్ని మించినవాడు లేడు. చెయ్యి విరిగాక మాత్రం ఎవరి పాకమూ చూడలేదు. పక్కనున్న చెంబులో ఎడమచేతి వేళ్లు ముంచి, పెనం అంచునుంచి కాస్త పాకం తీసి నీళ్లలో వేసి ఉండ కట్టి చూశాడు. చిన్నాన్న తెడ్డు ఆపేసి, తల ఎత్తకుండా నిలబడిపోయాడు. నాన్న అన్నయ్య వైపు తిరిగాడు.

“పాకం దాటిపోతంది. నా సెయ్యి పనికిరాదు. అటేపు కర్ర నువ్వు పట్టు.”

మాది చిన్న పెనమే. చెవుల్లో కర్ర దూర్చి ఇటొకరు అటొకరు ఎత్తి, నాలుగడుగులు నడిచి తొట్టిలో ఒంపాలి. ఏ ఒక్కరు వదిలినా రెండోవాడి కాళ్లమీద పడుతుంది. చిన్నాన్న తన చివర పట్టుకున్నాడు. అన్నయ్య చాలాసేపు కదలలేదు. చివరికి వాడు వంగి కర్ర పట్టాడు. ఇద్దరూ పెనం ఎత్తి నడక మొదలుపెట్టారు. మూడో అడుగు దగ్గర పెనం ఒక పక్కకి ఒరిగింది. అయిపోయింది అనుకుని కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి పాకం తొట్టిలో ఉంది, మా అన్నయ్య తూములో నీళ్లతో మొహం కడుక్కుంటున్నాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఎవరూ అడగలేదు.

ఇక వాళ్లు కౌగలించుకుంటారని మీరు ఎదురుచూస్తే, అదేం జరగలేదు. నాన్నా చిన్నాన్నా చచ్చేదాకా మాట్లాడుకోలేదు. నాన్న చెయ్యి బాగుపడలేదు, చిన్నాన్న తప్పయిందని ఎప్పుడూ అనలేదు. అది ఇప్పటికీ నాకు కోపమే. కానీ అన్నయ్య ఆ సినిమాకి పదోసారి వెళ్లలేదు. పగ తీర్చుకునే సినిమాల్లో తండ్రిని మొదటే ఎందుకు చంపేస్తారో నాకు అప్పుడు తెలిసింది. బతికుంటే వద్దంటాడు, ఇక కథెలా నడుస్తుంది? తండ్రి పేరు చెప్పి ఎందరినో చంపే హీరో, ఆ తండ్రిని ఒక్క మాట అడిగిన పాపాన పోడు.

చాలా ఏళ్ల తర్వాత, మనవలు పుట్టాక, ఒకనాడు కబుర్లలో అన్నయ్యని అడిగాను, పెనం ఒరిగినప్పుడు ఏమనుకున్నావురా అని. వాడు చెప్పాడు.

“సినిమాలో ఆ గాబులో పడ్డోడి సేతులు ఎప్పుడూ వణకవే. సిన్నాన్న సేతులు వణికేయి. కర్రలోంచి నాకు తెలిసింది.”

అన్నయ్య పోయి మూడేళ్లయింది. గానుగ పాక ఉన్నచోట ఇప్పుడు సరుగుడు తోట ఉంది, మిగిలిన కాస్త చెరకూ లారీల్లో మిల్లుకి పోతుంది. చిన్నాన్న మనవడూ మా అన్నయ్య కొడుకూ విశాఖలో ఒకే కాలనీలో ఉంటున్నారట, ఎదురుపడినా గుర్తుపట్టరట. గట్టు తగాదా మళ్లీ లేచి ఇప్పుడు కోర్టులో ఉంది, ఎవరి లాయరుతో వాళ్లు ఫోన్లో మాట్లాడుకుంటారు. మీ రోజుల్లోలాగా పగలూ కొట్లాటలూ లేవు అత్తయ్యా, అదృష్టవంతులం అంటుంది మా కోడలు. నిజమే కావచ్చు. నాకు మాత్రం పగ ఎక్కడికీ పోలేదనీ, మనుషులే దూరం జరిగారనీ అనిపిస్తుంది. అంత దూరంలో ఉన్నవాడి చేతులు వణుకుతున్నాయో లేదో ఎవరికి తెలుస్తుంది?