వెల్డా వదిన ఇత్తడి గుల్లలు

మా వెల్డా వదిన రెండు విషయాల్లో ఎవరి మాటా చెవికెక్కించుకోదు. ఒకటి వంట, రెండోది తూటాలు. వంట సంగతి నేనొప్పుకోను, ఆవిడ చేసే కూర ఉప్పు కషాయం. తూటాల దగ్గర మాత్రం ఈ మోంటానా లోయలో ఆవిడకు సాటి లేరు.

ఇనుప సామాన్ల కొట్టు నడిపిన తండ్రి దగ్గర నేర్చుకుంది. పేల్చిన తూటా ఇత్తడి గుల్లను పారెయ్యదు. కడిగి, మెరుగుపెట్టి, సాగినదాన్ని మళ్ళీ కొలతకు నొక్కి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ బిగించి, మందు తూచి పోసి, మీద గుండు కూర్చుతుంది. గుల్లలన్నీ ఒకే కంపెనీవి కావాలి, ఒకే బరువుండాలి. తేడా వచ్చినదాన్ని పక్కకు నెట్టేస్తుంది. బడిలో వంట చేసినన్నాళ్ళూ పిల్లల్ని కూడా అలాగే వరసలో నిలబెట్టిందట.

ఎవరైనా "నాకూ ఓ డబ్బా చేసిపెట్టు వెల్డా" అంటే ఆవిడది ఒకటే జవాబు. "ఒకళ్ళు చేసిన తూటా, ఒకళ్ళ పళ్ళ బ్రష్షు ఇంకొకళ్ళు వాడకూడదు." మా వేటగాళ్ళందరూ పాటించే నియమమే ఇది. మినహాయింపు మా అన్న ఆర్లో ఒక్కడికే. "వాడు నీ బ్రష్షు కూడా వాడుతున్నాడేమో చూసుకో వదినా" అని నేనంటే మూతి మూడు వంకర్లు తిప్పేది.

ఆ ఏడు ఎన్నాళ్ళకో అన్నకు లాటరీలో ఎల్క్ అనే పెద్ద దుప్పి పోతును వేటాడే పర్మిట్ తగిలింది. తెల్లారకముందే వదిన నింపిచ్చిన తూటాలతో కొండెక్కాడు. పొద్దెక్కాక నేను కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళ్ళాను. వదిన మిగిలిన గుల్లలు నింపడానికి కూర్చుంది. ఒకటి తిరగేసి అడుగున ముద్ర చూసింది. ఇంకోటి చూసింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"లార్నా, ఇవి నావి కావు. సైన్యం గుల్లలు."

"నీ మెరుగుపెట్టే తొట్టిలోవేగా?"

"తొట్టి నాదే. అందుకే నిన్న చూళ్ళేదు. నావే ఉంటాయనుకున్నా."

బల్ల కింద పక్కింటి డెల్బర్ట్ ఇచ్చిన కాఫీ డబ్బా ఖాళీగా పడుంది. అందులో సైన్యం వాడిన గుల్లలుండేవి. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. సాయం చెయ్యడమంటే మా అన్నకు సరదా. మెరుగుపెట్టే తొట్టిలో రెండూ కలిపి పోసేశాడు. మెరిశాక అన్నీ ఒకేలా ఉంటాయి మరి.

"ఉంటే ఏమవుతుంది? ఇత్తడేగా," అన్నాను.

"వీటి గోడలు మందం. లోపల చోటు తక్కువ. పెద్ద గిన్నెడు పాలు చిన్న గిన్నెలో పోసి, మూత బిగించి కాస్తే ఏమవుతుంది? ఆర్లో గొడవపడి మరీ మందు అంచుదాకా పోయించుకుంటాడు. ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి తుపాకీ వెనక తలుపులా మూసే బోల్టు బిగుసుకుంటుంది. ఒక్కోసారి వేడి గాలి వెనక్కి తన్ని..." అక్కడ ఆపేసింది.

ఆపకపోతే ఏమనేదో నాకు తెలుసు. కంచె తీగ తెగి తగిలి అన్న ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. రైఫిల్ వెనకాల ఉండేది మిగిలిన ఆ కుడి కన్నే.

కొండ మీద ఫోను పలకదు. ట్రక్కు నేను నడిపాను, పక్కన వదిన. దారంతా బురద, పైన మంచు. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"తొక్కవే!"

"తొక్కితే లోయలో పడతాం, అప్పుడు వాడొచ్చి మనల్ని వెతుక్కోవాలి!"

అన్న ట్రక్కు కనిపించింది, మనిషి లేడు. అడుగుల జాడ పట్టుకుని ఎక్కుతుంటే పైన తుపాకీ పేలింది. ఒక్కటే దెబ్బ. వదిన నిలబడిపోయింది. అరుపు వినపడుతుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఏమీ వినపడలేదు. అరుపు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. తర్వాత టకటకమని ఏదో కొడుతున్న చప్పుడైంది. వదిన పరుగెత్తింది. ఆ వయసులో ఆవిడ అలా పరుగెడుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

గట్టెక్కేసరికి బండ పక్కన ఎర్ర చొక్కా కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం చూస్తే, అన్న పడుకుని రైఫిల్ చెంపకు ఆనించి ఉన్నాడు. ఎదుటి వాలులో ఎల్క్ పోతు, చెట్టంత కొమ్ములతో కదలకుండా నిలబడి ఉంది.

"ఆర్లో! పేల్చకు! వేలు తియ్యి!"

వదిన వేసిన ఆ కేకకు కొండ మారుమోగింది. పోతు ఒక్క దూకులో చెట్లలో కలిసిపోయింది. అన్న మండిపడుతూ లేచాడు.

"మతి పోయిందా నీకు? ఇన్నేళ్ళకొచ్చిన పర్మిట్టు! మొదటి దెబ్బ గురి తప్పినా పారిపోలేదే, నీ గొంతుకు పారిపోయింది!"

వదిన రైఫిల్ లాక్కుని బోల్టు తెరిచి లోపలి తూటా తీసింది. అడుగున సైన్యం ముద్ర. మంచులో పడున్న ఖాళీ గుల్ల ఏరింది. దానిదీ అదే ముద్ర. ఒత్తిడికి అడుగు టోపీ నలిగి చదునైపోయి, చుట్టూ మసి కారింది. పక్కన చెక్కు లేచిన కర్ర ఉంది. విన్న టకటకల సంగతి అప్పుడర్థమైంది.

"బోల్టు బిగుసుకుంటే కర్రతో కొట్టి తీశావా?"

"ఊఁ. మంచు పట్టిందనుకున్నా."

"తీసి ఇంకోటి పెట్టావా, మట్టిబుర్రా? తూటా మీద అనుమానం రాలేదా?"

అన్న వింతగా చూశాడు. "నువ్వు చేసింది కదా వెల్డా. అనుమానమెందుకొస్తుంది?"

వదిన మంచులోనే కూలబడింది. అన్న కంగారుగా వంగితే రెండు చేతులతో మొహం పట్టుకుని ఆ కుడి కంట్లోకి చూసింది, రెప్ప కూడా ఎత్తి చూసింది.

"డెల్బర్ట్ గుల్లలు కలిపింది నేనే. నీకు పని తగ్గుతుందని," అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

"నువ్వు కలిపావు. నేను చూడకుండా నింపి, డబ్బాలో సర్ది, జాగ్రత్తగా వెళ్ళిరా అని చెప్పి మరీ నీ చేతికిచ్చాను."

అన్న ఆవిణ్ణి పట్టుకుని లేవదీశాడు. దిగేటప్పుడు రైఫిల్ నేను మోశాను. కాలు జారినప్పుడు కూడా వదిన వాడి చెయ్యి వదల్లేదు.